అంగడిసరకుల పోలికలు



నేడు నేను మనవిచేయబోవు సంగతి చూచుటకు మిక్కిలి చిన్నది. భార్య యొక సరకు కోరినది. భర్త అంగడికి పోయి మఱియొక సరకు తెచ్చినాడు. ఇది ఇంటింట జరుగుచునే యున్నది. ఒక పూట మాటామాట అనుకొందురు, మఱునాటికి మఱచిపోవుదురు. దీనిపై ఉపన్యాసమెందుకని మీరు అడుగవచ్చును.

ఇట్టి పొరపాటులు రెండు తరగతులుగా నున్నవి. మొదటి తరగతివి పేరు వలన వచ్చునవి. వానిచేత ఒకనాటి వంట చెడును. సామాన్యముగా అంతకు మించి నష్టము లేదు. రెండవ తరగతివి రూపు వలన వచ్చునవి. వానిలో కొన్నిటిచేత కాళ్లు పడిపోయినవారు కలరు, ప్రాణములు కోల్పోయినవారును కలరు. నవ్వి వదలదగిన పొరపాటేదో, భయపడదగిన పొరపాటేదో ఆలుమగలిద్దఱును ఎఱిగియుండవలెను. ఆ యెఱుకను కలిగింపవలసినవారు ఇంటి పెద్దలు. అందుచేతనే ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

మొదట పేరు సంగతి చూతము. మాది కల్లూరు. హంద్రీ తుంగభద్రలు కలియుచోట వెలసిన కర్నూలునకు ఆనుకొనియుండిన మా యూరు ఇపుడు ఆ నగరములోనే కలిసిపోయినది. పూర్వము మా సంబంధములు చుట్టుపట్ల పది గ్రామములలోనే కుదురుచుండెను. ఇపుడు గుంటూరి పిల్ల కల్లూరికి కోడలై వచ్చుచున్నది. గోదావరి పిల్లవాడు ఉద్యోగమునకు వచ్చి ఇచట అల్లుడగుచున్నాడు. తుంగభద్ర దాటి పాలమూరువారితో వియ్యమందువారును కలరు. అందఱిదియు తెలుగే, కాని వంటింటి తెలుగు మాత్రము సీమకొక తీరు.

ఒక అంగడియొద్ద నేను విన్నమాట చెప్పెదను. ఉగ్గానిపై చల్లుటకు పొడి కొట్టవలెనని ఈ సీమ యిల్లాలు తన భర్తతో “అరకిలో పప్పులు తెండి” అని చెప్పి పంపినది. ఆయన కోస్తావాడు. కందిపప్పు కట్టించుకొని యింటికి పోయి, గడియలో మఱల వచ్చినాడు. అంగడివాడు నవ్వి, “మా దిక్కు పప్పులంటే పుట్నాలే సార్. మీరు తీసకపోయినవి కందిబ్యాళ్లు” అని పొట్లము మార్చియిచ్చినాడు. ఆ మాటకు అచట నున్నవారందఱును నవ్విరి, ఆయనయు నవ్వెను.

ఇట్టివి మఱికొన్ని కలవు. కోస్తావారి మినుములు మనకు ఉద్దులు. వారి బొబ్బర్లు మనకు అలసందలు. వారి పంచదార మనకు చక్కెర. ఉల్లిపాయలను మనము ఎఱ్ఱగడ్డలందుము, బంగాళాదుంపలను ఉర్లగడ్డలందుము. మనవారు ‘ఉర్లగడ్డ’ యనగా ‘ఉల్లిగడ్డ’ యని విని, సంచినిండ ఉల్లిపాయలు మోసికొని వచ్చు క్రొత్త అల్లుని తప్పుపట్టుట యెట్లు? వేరుసెనగను మన సీమలోనే ఒకచోట బుడ్డలందురు, ఒకచోట చెనిక్కాయలందురు. రెండు పుట్టిండ్ల తెలుగు ఒక పొయ్యిమీదికి వచ్చినపుడు తొలి యేడాది ఈ చిక్కు తప్పదు. ఒక కాగితముపై ఎడమప్రక్క ఆమె పుట్టింటి పేరు, కుడిప్రక్క ఆయన పుట్టింటి పేరు వ్రాసి వంటింటి గోడకు అంటించుకొన్నచో ఆరు మాసములలో ఆ కాగితముతో పని తీరిపోవును.

రూపు వలన వచ్చు పొరపాటులలోను నిరపాయమైనవి కొన్ని కలవు. కందిపప్పు తెమ్మన్న శనగపప్పు తెచ్చుట అందఱెఱిగినదే. కందిబద్ద పలుచన, గుండ్రన. శనగబద్ద దానికంటె పెద్దది, మందమైనది, పైని ముడుతలు గలది. ఉప్పుమాకు గోధుమ రవ్వ కోరగా, ఇడ్లీకి వాడు బియ్యపు రవ్వ వచ్చుటయు కలదు. వీనివలన పులుసు చిక్కబడును, ఉప్పుమా ముద్దయగును, అంతే.

చిరుధాన్యముల విషయము మీకు చెప్పనక్కఱలేదు. కొఱ్ఱ, సామ, వరిగ, ఆరిక, ఊద అను వానిని కంకి చూచి పేరు చెప్పగలవారు మీలో పెక్కురు. కాని పొట్టు తీసిన తరువాత ఇవి యన్నియు సన్ననూకవలె ఒక్క పోలికగానే యుండును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మన తాతలు తినిన కొఱ్ఱన్నము పట్టణపు టంగళ్లలో పొట్లములకెక్కినది. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమువారు కొఱ్ఱలో క్రొత్త వంగడములను కూడ తీసినారు. అయినను పట్టణములో పెరిగిన దంపతులకు కొఱ్ఱబియ్యమేదో, సామబియ్యమేదో తెలియదు. ఒకదానికి పోయవలసిన నీరు మఱియొకదానికి పోసి, అన్నము జావయైనదని చింతింతురు. మీరు దోసిట పట్టి చూపినచో ఒక్క దినములో నేర్చుకొందురు. ఈ విద్య పుస్తకముల కంటె మీ చేతులలోనే యెక్కువ యున్నది.

ఇక పేరును రూపును రెండును కలిసి మోసపుచ్చు సరకులు కలవు. పటిక, పటికబెల్లము అట్టివి. రెండును తెల్లని పలుకులు. మొదటిది బురదనీటిని తేర్చునది. రెండవది బిడ్డలకు పెట్టెడి కలకండ. ‘పటిక’ యని సగము మాట చెప్పి పంపవద్దు; ‘కలకండ’ యని చెప్పినచో సందేహముండదు. ఇంటిలో నున్నది ఏదో తెలియనపుడు చిన్నపలుకును గరిటెలో నుంచి నిప్పుపై పట్టుడు. కలకండ కరిగి, ఎఱ్ఱనై, పిదప నల్లబడును. పటిక పొంగి తెల్లని బూరుగువలె ఎండిపోవును.

సోడా విషయములో మఱింత జాగ్రత్త కావలెను. వంటసోడా వేఱు, చాకలిసోడా వేఱు. రెండును తెల్లగానే యుండును, రెండింటికిని సోడా యనియే పేరు. చాకలిసోడా నోటిని, గొంతును, కడుపును కాల్చును. దానిని రుచిచూచి గుర్తింప యత్నింపరాదు. పేరులేని పొట్లములోని తెల్లని పొడిని దేనినైనను వంటలో వేయక పాఱవేయుటయే మేలు.

ఇప్పుడు భయపడదగిన వానికి వచ్చుచున్నాను. అవి ముఖ్యముగా మూడు.

మొదటిది ఆవాలు. మన బీళ్లలోను, బాటల ప్రక్కను బ్రహ్మదండి యను ముండ్లమొక్క పెరుగును. పసుపుపచ్చని పూవు, తుంచిన పసుపుపచ్చని పాలు, తెల్లచారల ముండ్ల ఆకు దాని గురుతులు. మెక్సికో దేశమునుండి వచ్చి మన దేశమంతట వ్యాపించిన మొక్క అది. దాని గింజ నల్లగా, చిన్నగా, దాదాపు ఆవగింజవలెనే యుండును. ఆవచేలలో అది కలుపుగా మొలిచి, పంటతోపాటు పండి, కోతలో కలిసిపోవును. తెలిసి కలుపువారును లేకపోలేదు. ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిన్నవారికి కాళ్లు వాచును, ఆయాసము పుట్టును, గుండె బలహీనపడును, కొందఱికి కంటిచూపు చెడును. ఈ వ్యాధి 1877లో కలకత్తాలో బయటపడినది. కొందఱు వైద్యులు చిరకాలము దానిని బెరిబెరి యనియు, చెడిన బియ్యపు దోషమనియు భావించిరి. గింజకు గింజ పోలినట్లే రోగమునకు రోగము పోలి, వైద్యులనే భ్రమింపజేసినది. 1998లో ఢిల్లీలో ఈ కల్తీ నూనె వలన అఱువదిమందికి పైగా చనిపోయిరి. మూడువేలకు పైగా జనులు ఆసుపత్రుల పాలైరి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆ నూనెను వెంటనే మానుటయు, వైద్యుని చేరుటయు మొదటి పనులు.

మన సీమలో వంటనూనె వేరుసెనగది గనుక ఆవనూనె భయము మనకు తక్కువ. కాని తిరుగమోతకు ఆవాలు వేయుదుము, ఊరగాయలకు ఆవపిండి కొట్టుదుము. కనుక పరీక్ష తెలియవలెను. చిటికెడు గింజలు తెల్లకాగితముపై పోసి వెలుతురులో చూడుడు. ఆవగింజ నున్నగా నుండును. బ్రహ్మదండి గింజ గరుకుగా, పైని వలవంటి గీతలతో నుండును. గోటితో నలిపిన ఆవగింజ లోపల పసుపుపచ్చన, బ్రహ్మదండి గింజ లోపల తెల్లన. ఊరగాయకు ఆవాలు దంచుటకు ముందు ఈ పరీక్ష తప్పక చేయవలెను. దంచిన తరువాత కంటికి దొరకదు.

రెండవది కందిపప్పు. దానిని పోలినది కేసరిపప్పు. లంకపప్పనియు దానికి పేరు. అది వానలు లేకున్నను, తెగులు వచ్చినను ఎట్లో పండును, చౌకగా దొరకును. అందుచేతనే కఱవు కాలములో బీదలకు అదియే దిక్కగుచుండెను. అదియే వారిని కుంటివారిని చేయుచుండెను. మధ్యదేశమున సాగరు ప్రాంతములో 1829లో వడగండ్లు పడి గోధుమ పోయినది. 1830లో వాన చాలలేదు. 1831లో తెగులు వచ్చినది. కేసరి మాత్రము పండినది. జనులు ఆ యేడును, ఆ తరువాతను దానినే తినిరి. పిమ్మట ముప్పది యేండ్ల లోపువారికి నడుము క్రింద కాళ్లు పట్టుదప్పెనని స్లీమన్ అను ఆంగ్లాధికారి వ్రాసియుంచినాడు. మన దేశములోనే కాదు. స్పెయిను దేశములో అంతర్యుద్ధము ముగిసిన పిదప 1940 తరువాతి ఆకలియేండ్లలోను ఈ పిండి తిని పలువురు కుంటివారైరి.

ఈ రోగము వచ్చినవానికి బుద్ధి చెడదు, మాట చెడదు. మోకాళ్లు వంగి, మునివేళ్లపై కఱ్ఱ యూతతో నడచును. ముదిరిన నేలపై ప్రాకును. ఒకసారి పోయిన కాలి సత్తువ మఱల రాదు, మందు లేదు. పప్పులోని విషపదార్థమును 1964లో బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థలో రావు, అడిగ, శర్మ అను శాస్త్రజ్ఞులు వేఱుచేసి చూపిరి. ఆ పప్పు అమ్మకమును నిషేధించు నిబంధన 1961లోనే వచ్చినది. అయినను ఛత్తీస్‌గఢ్, బీహారు, బెంగాలు ప్రాంతములలో దాని సాగు ఆగలేదు. విషము తక్కువగల వంగడములను కూడ శాస్త్రజ్ఞులు తీసినారు. న్యాయముగా చెప్పవలెనన్న, ఒకనాడు రెండునాళ్లు తిన్నంతమాత్రమున కాళ్లు పోవు. తిండిలో మూడవవంతుకు పైగా అదియే యై, రెండు మూడు మాసములు తిన్నవారికే అపాయము. కాని చౌకయని ఒకే అంగడిలో ఒకే కల్తీపప్పును ఏడాది పొడుగున కొను కుటుంబమునకు ఆ లెక్క ఎపుడు నిండునో ఎవరెఱుగుదురు?

దీని గురుతు సులభము. కందిబద్ద గుండ్రని బిళ్లవలె నుండును. కేసరిబద్ద ఒకప్రక్క ఏటవాలుగా, అంచులు గొడ్డలితో చెక్కినట్లు, ఇంచుమించు చతురముగా నుండును. పప్పు చేటలో పోసి చెఱుగునపుడు ఇట్టివి అడపాదడపా కనబడినచో ఆ పప్పును అంగడికి త్రిప్పి పంపవలెను. వేడినీట నానబెట్టి ఆ నీరు పాఱబోసిన విషము కొంత తగ్గును గాని పూర్తిగా పోదు. శనగపిండిలోను ఈ పప్పుపిండి కలియుచుండును. పిండియైనది కంటికి దొరకదు గనుక శనగపప్పు కొని మరలో ఆడించుకొనుట ఉత్తమము.

మూడవది నూనె. ఇచట పోలిక గింజలో లేదు, డబ్బాలో నున్నది. మన పత్తి, మిరప చేలకు పురుగుమందు కొట్టని యిల్లు అరుదు. ఖాళీ డబ్బా గట్టిగా నున్నదని, మూత బాగున్నదని కడిగి వాడుకొనువారు కలరు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రములోని సారన్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిన్న బిడ్డలలో 23 మంది చనిపోయిరి. వంటలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియుండెను. ఇంతకు మించి నేను చెప్పవలసినది లేదు. పురుగుమందు డబ్బాను పొడిచి, చిల్లులుపఱచి, ఇంటికి రానీయకుండ చేయుడు. మందును, ఎరువును, తిండిసరకును ఒకే సంచిలో తేకుడు, ఒకే గూటిలో పెట్టకుడు.

మిరియములలో బొప్పాయిగింజలు కలుపుట మోసమే గాని పై మూడింటి వంటి విపత్తు గాదు. నీటిలో వేసినచో మంచి మిరియము మునుగును, బొప్పాయిగింజ తేలును. ఎండిన బొప్పాయిగింజ కోలగా, ముడుచుకొని, కొంచెము పచ్చని గోధుమవన్నెతో నుండును.

ఇంత చెప్పిన పిదప, ఏమి చేయవలెనను ప్రశ్న మిగులును. నాలుగు పనులు చాలునని నాకు తోచుచున్నది.

ఒకటి: అంగడికి ఎవరు పోవుదురో వారికే సరకు తెలియవలెను. మన యిండ్లలో వండునది స్త్రీ, తెచ్చునది పురుషుడు. తెలిసినవారు ఇంటిలో నుందురు, తెలియనివారు అంగడిలో నుందురు. నెలకొకసారియైన ఆలుమగలిద్దఱును కలిసి పోవుట మంచిది. పోలేనిచో, నేడు ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది; సరకు బొమ్మను ఇంటికి పంపి, ఔనన్న తరువాతనే డబ్బు చెల్లింపవచ్చును. కాని బొమ్మలో గరుకును నునుపును తెలియవు. వేలితో తాకి చూచుట తప్పదు.

రెండు: ఇంటిలో చిన్న చిన్న సీసాలలో మంచి ఆవాలు, మంచి కందిపప్పు, మంచి మిరియములు పిడికెడు చొప్పున నిలువయుంచుడు. క్రొత్త సరకు వచ్చినపుడు ప్రక్కన పోసి పోల్చుడు. మంచిది ఎదుట నున్నచో చెడ్డది దానంతట అదే బయటపడును.

మూడు: పొట్లముపై వ్రాత చదువుడు. 2006లో చేసిన ఆహారభద్రతా చట్టము ప్రకారము కట్టిన పొట్లముపై సరకు పేరు, కట్టిన తేదీ, తయారుచేసినవారి చిరునామా, పదునాలుగంకెల అనుమతి సంఖ్య ఉండవలెను. అనుమానమున్న సరకును కొన్నవాడే రుసుము చెల్లించి పరీక్షకు పంపవచ్చును. చెడ్డదని తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును. ఈ హక్కు పట్టణవాసులకే గాక పల్లెవాసులకును గలదు.

నాలుగవది నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. సరకు తప్పినపుడు మాట పడునది యెవరు? తెచ్చినవాడు తెచ్చి పడవేసి పోవును. పులుసు చెడినచో, బిడ్డకు కడుపు నొచ్చినచో, “కోడలికి వంట రాదు” అను మాట వచ్చును. ఆ మాటకు వెఱచి, అనుమానముగా నున్న పప్పును త్రిప్పి పంపక, నోరు మూసికొని వండు ఇల్లాండ్రు ఎందఱో యున్నారు. భర్త తెచ్చినదానికి వంక పెట్టుట అమర్యాద యని వారికి నేర్పియున్నాము. ఇది మిక్కిలి ప్రమాదకరమైన మర్యాద. చేటలో పప్పు పోసి చెఱుగు ఆమె కన్నే ఆ యింటికి కడపటి కావలి. ఆ కన్ను చూచినదానిని నోరు చెప్పలేనిచో కావలియుండియు లేనట్లే. “ఈ పప్పు బాగుగా లేదు, మార్చుకొని రండి” అని కోడలు నిర్భయముగా చెప్పగలుగునట్లు చేయుట అత్తమామల చేతిలో నున్నది. విసుగుకొనక తిరిగి పోవుట భర్త చేతిలో నున్నది.

పెద్దలారా, మీరు కళ్లమునుండి గాదెకు, గాదెనుండి రోటికి గింజను కనిపెట్టినవారు. నేటి పిల్లలకు ఆ త్రోవ లేదు. పొట్లమునుండి పొయ్యిమీదికే వారి త్రోవ. మీ యింట క్రొత్త కాపురము పెట్టబోవు జంటను ఒక సాయంకాలము కూర్చుండబెట్టి, తెల్లగుడ్డపై ఆవాలు, కందిపప్పు పోసి, మంచిచెడ్డల గురుతులు చూపుడు. ఇది గడియసేపటి పని.

సెలవు.